మర్యాదగా పంచిన తెగులు

ద్రాక్షతోటలో పనికి కుదిరిన ఇద్దరు కుర్రవాళ్ళు మొన్నామధ్య చిలకలగూడలో మా ఇంటికి వచ్చారు. ఈ చుట్టుపక్కల ద్రాక్ష వేసేవాళ్ళు ఇంకా మిగిలారా అని నాకు ఆశ్చర్యమే. శామీర్‌పేట అవతల ఎవరో కొత్తగా వేస్తున్నారట. ఏ నెలలో ఏ మందు కొట్టాలో రాసివ్వమన్నారు. మందు డబ్బా మీద రాసి ఉంటుంది బాబూ అన్నాను. వాళ్ళ ముఖాలు చిన్నబోయాయి. మొక్కలు ఎక్కడివని నేను అడిగాను. ఓనరు బావమరిదికి పాత తోట ఉందట, అక్టోబరు కత్తిరింపులప్పుడు నాటుకోవడానికి కొమ్మ ముక్కలు ఊరికే ఇస్తానన్నాడట.

ఆ మాట విన్నాక నాకు మాట్లాడబుద్ధి కాలేదు. టీ ఇచ్చి పంపించేశాను. వాళ్ళకి చెప్పకుండా మింగినది ఇప్పుడు రాస్తున్నాను. ద్రాక్షతోట మేనేజరుగా నా జీతం పెరిగిన సంగతులు, పండ్ల పోటీలో వచ్చిన కప్పుల సంగతులు ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు.

ఆదివారం చదువు

మా నాన్న మిషన్ బడిలో టీచరు. ఆయన పోయేనాటికి నేను పదో తరగతి పాసయ్యాను. ఆపైన కాలేజీ లేదు. నేరేడ్‌మెట్ దాటాక బాల్‌రెడ్డి పటేల్‌కి పెద్ద ద్రాక్షతోట ఉండేది. అందులో కూలీల హాజరు రాసే పనికి చేరాను. కొన్నేళ్ళకి తోట మొత్తం నా నెత్తిన పడింది. పేరుకి మేనేజరు. ఎండలో తిరిగే గుమాస్తా అనుకోండి.

చెట్టు గురించి నాకేమీ తెలియదని మొదటి ఏడాదిలోనే తెలిసింది. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆవిడ పిల్లల్ని తీసుకుని ఇంటికి వెళ్ళేది, నేను బస్సెక్కి మూసీ ఒడ్డున ఉన్న పెద్ద లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. వ్యవసాయ పత్రికలు బైండు చేసి పెట్టిన అల్మారా ఒకటి మూలన ఉండేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ నమిలేవాణ్ణి. అర్థం కాని మాట నాలుగు చోట్ల కనిపిస్తే అయిదో చోట దానంతట అదే అర్థమయ్యేది. మా చర్చిలో ప్రసంగంలో ద్రాక్షతోట మాట వచ్చినప్పుడల్లా జనం నావైపు తిరిగి నవ్వేవారు. నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఆ చదువు నాకు ఎవరూ పెట్టలేదు, నేనే సంపాదించుకున్నాను. ఆ గర్వం ఇప్పటికీ పోలేదు.

విషయం తెలిస్తే చాలు, మనుషులు దాని ప్రకారం నడుస్తారని అప్పట్లో నమ్మేవాణ్ణి. ఈ వృత్తిలో నేను పోగొట్టుకున్నది ఆ నమ్మకం.

కత్తి

ద్రాక్షకి ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్లో చెట్టును మోడు చేస్తే కొత్త కొమ్మ వస్తుంది. అక్టోబరులో ఆ కొమ్మని కురచ చేస్తే కాపు వస్తుంది. మధ్యలో నేల తవ్వేటప్పుడు పార తగులుతుంది, పందిరి తీగ ఒరుసుకుంటుంది. ద్రాక్షచెట్టు బతుకంతా గాయాలే. తెగులు దూరేదీ ఆ గాయాల్లోంచే.

కత్తిరించే గుంపులు తోట తర్వాత తోటకి వెళ్తాయి. అవే మనుషులు, అవే కత్తెరలు. నిన్న ఏ తోటలో ఏ రోగిష్టి చెట్టును కోసిందో ఆ కత్తెర ఈ రోజు మన చెట్టును కోస్తుంది. అందుకని వరుస చివర్న బ్లీచింగ్ నీళ్ళ బకెట్ పెట్టి, చెట్టు చెట్టుకీ కత్తెర ముంచమన్నాను. ఆడవాళ్ళ గుంపుకి యాదమ్మ పెద్ద. ఆమె బకెట్‌ని, నన్ను మార్చి మార్చి చూసి, అందరికీ వినపడేలా అంది.

"దాసు సార్ కత్తెర్లకు సుత బాప్తిస్మం ఇస్తుండు. జెర దూరం ఉండుండ్రే, రేపు మనల్ని గిట్ల ముంచుతడు."

నేనూ నవ్వాను. కానీ మధ్యాహ్నానికి బకెట్ దగ్గర ఒక్కరూ లేరు. ఎందుకని అడిగితే యాదమ్మ ఈసారి నవ్వకుండా చెప్పింది. "గుత్త పని సారూ. నీ బకెట్ కాడికి ఉరికి వచ్చేటాల్లకు పక్కోళ్లు వరుస దాటిపోతరు. మా కడుపు మాడ్చుకుని నీ చెట్టును బతికియ్యాల్నా?"

ఆమె అన్నది నిజం. చెట్టుకింత అని గుత్తకిచ్చి, చెట్టు దగ్గర ఆగమనడం అన్యాయం. రోజుకూలీ పెట్టమని పటేల్‌ని అడిగాను. రోజుకూలీ పెడితే సంక్రాంతి దాకా కోస్తరు అని నవ్వేశాడు. బకెట్ మాత్రం ప్రతి ఏడూ పెట్టించేవాడు, చూడవచ్చిన వాళ్ళకి చూపించడానికి. కుర్రవాళ్ళకి నేను చెప్పేది ఇది. మీ తోటలో ఏ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే మీరిచ్చే ఆదేశాలు చూడకండి, కూలీ ఏ పద్ధతిలో ఇస్తున్నారో చూడండి.

పటేల్ చెడ్డవాడు కాడు. మా పెద్దమ్మాయికి కామెర్లయితే తన జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కానీ చెట్టు విషయంలో ఆయనకి కాయ తప్ప ఇంకేమీ కనపడేది కాదు. గింజలేని రకం కాయ లావెక్కాలని కాండం చుట్టూ ఉంగరంలా బెరడు తీయించేవాడు. ప్రతి చెట్టుకీ, ప్రతి ఏడూ. చేజేతులా తెగులుకి తలుపు తీసిపెట్టడమే అది. నేను మొత్తుకుంటే, "మార్కెట్ల పండు సైజు సూస్తరు, చెట్టు మొదలు సూస్తరా?" అనేవాడు.

గడ్డ

మొదళ్ళ దగ్గర పాదులు తీస్తుంటే మొదటిసారి కనిపించింది. కాండం నేలని తాకే చోట గోబీపువ్వంత గడ్డ. ముట్టుకుంటే మెత్తగా, తెల్లగా ఉంది. కొన్నాళ్ళకి నల్లబడి చెక్కలా గట్టిపడింది. కూలీలు గడ్డల బీమారి అన్నారు. పుస్తకం భాషలో దాన్ని కణితి తెగులు అనొచ్చు. చెక్కేసి మైలుతుత్తం, సున్నం కలిపి పూశాం. ఆ పక్కనే ఇంకోటి లేచింది.

లైబ్రరీలో చాలా ఆదివారాలు వెతికాక ఒక బైండులో దొరికింది. కంటికి కనపడని సూక్ష్మజీవి గాయంలోంచి దూరి, చెట్టు కణాలకే తప్పుడు బుద్ధి నేర్పుతుంది. అవి పద్ధతి లేకుండా పెరిగి గడ్డ కడతాయి. గడ్డ మీద ఆహారం ఖర్చవుతుంది, పైన కొమ్మ చిక్కిపోతుంది. మందు లేదు. అక్కడిదాకా చదివి నేనంత భయపడలేదు. తర్వాతి పేరాలో ఉంది అసలు సంగతి. ద్రాక్షలో ఆ క్రిమి మొదట్లోనే ఆగదు. చెట్టు నీళ్ళతో పాటు కొమ్మ కొమ్మకీ పాకుతుంది. గడ్డ ఒక్కటి కూడా లేని, కళకళలాడే చెట్టు కొమ్మలో కూడా దాక్కుని ఉండొచ్చు. ఆ కొమ్మ ముక్క ఎక్కడ నాటితే అక్కడికి వెళ్తుంది.

ఆ పేరా మొత్తం కాగితం మీద ఎక్కించుకున్నాను. ఎందుకంటే ముక్కలు పంచడంలో ఈ జిల్లాలో మా పటేల్‌ని మించినవాడు లేడు.

ముక్కల్ని వేడినీళ్ళలో కాసేపు ముంచితే ఆ క్రిమి కొంతవరకు చస్తుందని ఇంకోచోట రాసి ఉంది. రాగి బాయిలర్‌లో ప్రయత్నించాను. వేడి ఒక తీరున నిలబడలేదు, సగం ముక్కలు ఉడికిపోయాయి. యాదమ్మ వచ్చి ఉప్పు వేశావా సార్ అని అడిగి వెళ్ళింది. దానికి సరైన సామాను కావాలి. ఆ సామాను మాటెత్తితే పటేల్ ఇంకో బోరు మాటెత్తేవాడు.

చెయ్యి మంచిది

అక్టోబరు కత్తిరింపు మొదలైన రోజు మా తోట గేటు దగ్గర జాతరలా ఉండేది. కీసర వైపు నుంచి, మేడ్చల్ వైపు నుంచి రైతులు గోనెసంచులు, తాళ్ళు పట్టుకుని వచ్చేవారు. కోసిన కొమ్మల్లోంచి మంచివి ఏరి, ముక్కలు చేసి, కట్టలు కట్టి పటేల్ తన చేత్తో ఇచ్చేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. పైగా చాయ్, మిర్చిబజ్జీ. పటేల్ చెయ్యి మంచిదని, ఆయన ఇచ్చిన ముక్క ఎండదని పేరు.

బాగా గడ్డలున్న వరుస ఒకటి పీకించి తగలబెట్టడానికి పటేల్ ఒప్పుకున్నాడు. అయితే తోట వెనక, గోడవతల, ఎవరికీ కనపడకుండా. ముక్కలు పంచడం కూడా ఆపాలని అప్పుడే చెప్పాను. ఆయన పక్కకి దొర్లిన మొదలు ఒకటి కాలితో మంటలోకి నెట్టాడు.

"మన తోటల బీమారి అని ఒక్క మాట బయటికి పోయిందనుకో, రేపు కాయ కొననీకె ఎవ్వడు రాడు. బీమారి అని చెప్పకుంట ముక్కలియ్యనంటే, బాల్‌రెడ్డికి బలుపెక్కిందంటరు. మా నాయిన కాలం నుంచి అడిగినోనికి లేదనలే దాసూ. నేనంటనా?"

ఆ మాటలో మోసం లేదు. మోసం ఉంటే ఎదిరించడం సులువు. అది ఆయన మర్యాద.

ఆఫీసరు గారు

ఉద్యానశాఖ ఆఫీసరు సుబ్బారావు గారు కృష్ణాజిల్లా మనిషి. మా తోటకి నెలకోసారి వచ్చేవారు. పటేల్ లేని రోజు చూసి నేను చదివిందంతా ఆయన ముందు పెట్టాను. నాకు తెలిసింది ఆయనకి తెలియదేమో అని మనసులో చిన్న సంబరం కూడా ఉంది. ఆయన అది ఒక్క వాక్యంలో తుడిచేశారు.

"దాసుగారూ, మీరు చదివింది అక్షరాలా నిజం. నేనూ అదే చదివి, అదే రాసి పాసయ్యానండీ. వీళ్ళ దగ్గర ముక్కలు తీసుకోవద్దని చెబితే, మరి ఎక్కడ కొనమంటారు అని రైతు అడుగుతాడు. చూపించడానికి నా దగ్గర ఒక్క శుభ్రమైన నర్సరీ లేదు. ఇహ పటేల్‌గారి తోటలో తెగులుందని నేను కాగితం మీద పెడితే, వచ్చే నెల నేను ఏ ఊళ్ళో ఉంటానో మీరే చెప్పండి."

ఆయన చెప్పినదాంట్లో మొదటి సగం న్యాయం, రెండో సగం భయం. రెండూ ఒకే గొంతుతో చెప్పారు కాబట్టి కాదనలేకపోయాను. ఆ తర్వాత కూడా ఆయన మాకు వచ్చి సలహాలు ఇస్తూనే ఉన్నారు. బూజు తెగులు గురించి, పిండినల్లి గురించి చక్కగా చెప్పేవారు. గడ్డల వరుసల దగ్గరికి వచ్చేసరికి వాచీ చూసుకునేవారు.

తెలియక నష్టపోయామని మా కాలం వాళ్ళు చెబుతుంటారు. నమ్మకండి. పటేల్‌కి తెలుసు, ఆఫీసరు గారికి తెలుసు, నాకు తెలుసు.

వాన, నీళ్ళు, ప్లాట్లు

మిగతా కష్టాలు లేవని కాదు. కత్తిరింపు అయి లేత చిగురు వచ్చాక మబ్బు పట్టి వాన ముసిరితే బూజు తెగులు రెండు రోజుల్లో గుత్తుల్ని మాడ్చేస్తుంది. మందు కొట్టిన గంటకే వాన పడితే మళ్ళీ కొట్టాలి. బోర్లు ఏటేటా లోతుకి దిగాయి. చిలకలు వచ్చేవి, పిల్లలు డబ్బాలు కొట్టి తోలేవారు. అన్నిటికీ ఏదో ఒకటి చేశాం. కొన్నిసార్లు గెలిచాం కూడా.

తర్వాత ప్లాట్లు వచ్చాయి. పందిళ్ళు పీకి రోడ్లు వేశారు. హైదరాబాద్ ద్రాక్షని భూముల ధరలు మింగేశాయని అందరూ అంటారు. సీతాఫల్‌మండిలో నా ఈడు వాళ్ళు ఎక్కడ కలిసినా అదే మాట. ధరలు పెరిగేసరికే సగం తోటలు మొదళ్ళలో గడ్డలతో కూర్చుని ఉన్నాయి. కాపు ఉన్న తోటని అమ్మడానికి ఎవరికీ మనసొప్పదు. ఎండిపోతున్న తోటని అమ్మడానికి ఎవరూ వెనకాడలేదు.

అంజయ్య

అంజయ్య కీసర దగ్గరి చిన్న రైతు. ఏళ్ళ తరబడి మా తోటకి పెంట ఎరువు బండ్ల మీద తోలినవాడు. నన్ను చూస్తే బండి ఆపి బీడీ వెలిగించుకుని రెండు మాటలు మాట్లాడేవాడు. ఒక అక్టోబరులో గేటు దగ్గర రైతుల్లో ఆయన కూడా గోనెసంచితో కనిపించాడు. బండి లేదు. ఎడ్లనమ్మి పందిరికి రాతి కడీలు పాతించానని, బాయి లోతు చేయించానని, రెండెకరాలూ ద్రాక్షే వేస్తానని ముఖం వెలిగిపోతూ చెప్పాడు.

ఎడ్లు అమ్మినవాడికి వెనక్కి వెళ్ళే దారి ఉండదు. ఆయన్ని గోడవతలికి తీసుకెళ్ళి కాల్చిన మొదళ్ళు చూపించాను. సగం కాలిన గడ్డ ఒకటి చేతిలో పెట్టాను. ఒక్క ఏడాది ఆగమన్నాను. గడ్డలు ఇంకా కనపడని తోటలు వెతికి, అక్కడి ముక్కలు నాలుగు వేసి చూసి, బాగుంటే అప్పుడు తోట వేద్దామన్నాను. ఆయన గడ్డని తిప్పి తిప్పి చూశాడు.

"గిది కోసేస్తే పోతది గద సారూ."

పోదని చెప్పాను. ఎందుకు పోదో కూడా చెప్పాను. ఆయనకి నా మీద అనుమానం వచ్చింది. నాకు అర్థమైంది, ఊరికే దొరుకుతున్నదాన్ని వద్దంటున్నవాడి మీద ఎవరికైనా వస్తుంది. "తోట ఆయనదా, నీదా? ఆయన ఇస్తనంటుండు, నువ్వు వద్దంటున్నవు" అంటూ తిన్నగా పటేల్ దగ్గరికి నడిచాడు. అంత జనంలో అడిగేశాడు.

"పటేలా, మన చెట్లకు బీమారి ఉన్నదంటుండు దాసు సార్. నిజమేనా?"

చాయ్ తాగుతున్నవాళ్ళు తాగడం ఆపారు. పటేల్ నావైపు చూశాడు. కోపంగా కాదు, పెళ్ళిలో అపశకునం పలికినవాడిని పెద్దలు చూసినట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. "దాసు పుస్తకాలు సదివి పరేషానైతుండు. ఇంట్ల పిల్లలకు తుమ్మొచ్చినా డిక్షనరీ తీస్తడు." జనం నవ్వారు. ఆయన అంజయ్యని తోటలోకెల్లా మంచి వరుసకి తీసుకెళ్ళాడు, వెనక అందరం వెళ్ళాం. "చెప్పు దాసూ, ఈ వరుసల ఎన్నడన్న గడ్డ సూసినవా?"

"ఈ వరుసలో చూడలేదు. కానీ లోపల ఉండొచ్చు పటేలా, పైకి కనపడదు" అన్నాను.

లోపల ఉన్నది డాక్టర్‌కి కూడా కనపడదని ఎవరో అన్నారు, మళ్ళీ నవ్వులు. పటేల్ తన చేత్తో ఆ వరుస కొమ్మలు ఏరి, అందరికంటే పెద్ద కట్ట కట్టి అంజయ్య భుజాన పెట్టాడు. అంజయ్య వెళ్తూ నావైపు చూడలేదు.

ఆ తర్వాత కూడా అక్కడే ఎందుకు పనిచేశావని మా అబ్బాయి ఒకసారి అడిగాడు. డిగ్రీ లేని మేనేజరుకి ఇంకో తోటలో ఉద్యోగం ఎవరిస్తారు? ఇచ్చినా, ఆ తోట కూడా మా ముక్కలతో వేసిందే.

మంట

ముక్కలు నాటిన మూడో ఏడు ఎండాకాలంలో అంజయ్య కబురు పంపాడు. బస్సు దిగి సైకిలు అద్దెకి తీసుకుని వెళ్ళాను. పందిరి మీద ఆకు ఎర్రబడి ఉంది. మొదటి కాపు కోసుకున్నాడు, రెండో కాపు గుప్పెడు కూడా లేదు. నన్నేమీ అడగకుండా పాదులో మట్టి తీశాడు. కాండం చుట్టూ గడ్డలు, ఒకదాని మీద ఒకటి. పక్క చెట్టుకీ అంతే. ఆ పక్క చెట్టుకీ అంతే. పీకేసి మళ్ళీ ద్రాక్షే వేద్దామన్నా, తెగిన వేళ్ళతో పాటు ఆ క్రిమి నేలలో చాలాకాలం ఉంటుంది. ఆ మాట కూడా నేనే చెప్పాల్సి వచ్చింది.

కిందటి అక్టోబరులో కోసిన కొమ్మలు ఏం చేశావని అడిగాను. ఆయన తల వంచుకున్నాడు. బావమరదులిద్దరికి, ఊళ్ళో ఇంకా కొందరికి ఇచ్చాడట. చాయ్ కూడా పోశాడట.

"అడిగినోళ్లకు లేదంటమా సారూ?"

ఆ అక్టోబరు దాకా ఆశ పడి చూసి, ఇక లాభం లేదని తోట పీకించాడు. ఆ రోజు నేనూ వెళ్ళాను. ఎడ్లనమ్మిన మనిషి, పందిరి గుంజడానికి ఎడ్లు అద్దెకి తెచ్చుకున్నాడు. మొదళ్ళు, కొమ్మలు కుప్ప పోసి నిప్పు పెట్టాం. పొగ ఎగసేసరికి పక్క ఊరి మల్లేశం అనే రైతు గట్టు మీద నిలబడ్డాడు. చంకలో గోనెసంచి.

"కాలవెడుతున్నవేందే అంజన్నా, కొమ్మలు పచ్చిగనే ఉన్నయి గద. నేను సుత కడీలు పాతిన. రెండు కట్టలు ఇయ్యరాదు."

అంజయ్య ఒక మొదలు కుప్పలోంచి లాగి గడ్డ పైకి వచ్చేలా తిప్పి చూపించాడు. "గిది సూడు. గీ బీమారి ముక్కల్నే ఉంటది. నీకియ్య."

మల్లేశం వేలితో గీకి చూశాడు. "కోసేస్తే పోతది గదనే."

అంజయ్య నావైపు చూశాడు. నేను మొత్తం చెప్పాను. గాయం సంగతి, కొమ్మలో పాకే సంగతి, నేలలో మిగిలే సంగతి. మల్లేశం మర్యాదగా చివరిదాకా విని, సంచి మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు.

"ఇయ్యనంటే ఇయ్యననాలె. గింత కథ ఎందుకు? పటేల్ తోట ఉండనే ఉన్నది. ఆయన ఎన్నడన్న లేదన్నడా?"

గట్టు దిగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నుంచి ఊళ్ళో అంజయ్యకి పిసినారి అని పేరు వచ్చిందని తర్వాత విన్నాను.

మర్నాడు పొద్దున మా తోటలో కత్తిరింపు మొదలు. నేను వెళ్ళేసరికి మల్లేశం గేటు దగ్గర అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు. నాకు నమస్తే పెట్టాడు, నిన్నటి మాట ఎత్తలేదు. నేను నేరుగా పటేల్ దగ్గరికి వెళ్ళి అంజయ్య తోట పీకి కాల్చేసిన సంగతి చెప్పాను, ఈ ఒక్క మనిషికైనా ఇవ్వొద్దన్నాను. పటేల్ చేతిలో కత్తెర ఆగలేదు.

"పొద్దుగాల వచ్చి గేటు కాడ నిలవడ్డోనికి లేదందుమా దాసూ" అన్నాడు. తర్వాత తల తిప్పి లోపలికి కేకేశాడు, వచ్చినోళ్లకు చాయ్ పొయ్యుండ్రి అని.